రిటైరయ్యాక లైఫ్ డ్రాయింగ్ సెషన్: వెళ్లొచ్చా, వెళ్తే ఏం చూసుకోవాలి

ఉద్యోగం అయిపోయాక బొమ్మలు నేర్చుకుందాం అనుకునేవాళ్లలో ఎక్కువమంది పువ్వులతోనో కొండలతోనో మొదలుపెడతారు. నేను నేరుగా లైఫ్ డ్రాయింగ్ సెషన్‌లో, అంటే పోజిచ్చే మనిషిని (మోడల్‌ని) ఎదురుగా పెట్టుకుని గీసే చోట చేరాను. వారానికోసారి రెండు గంటలు. మా వయసువాళ్లు చాలామంది అదంతా ఆర్ట్ కాలేజీ పిల్లల వ్యవహారం అనుకుని దూరంగా ఉండిపోతున్నారు, అందుకే ఈ రివ్యూ.

ముందుగా చెప్పాల్సింది, ఇది పాఠాలు చెప్పే క్లాసు కాదు. ఒక హాలు, మధ్యలో చిన్న వేదిక, చుట్టూ ఈజిల్స్ (బొమ్మ గీసే బోర్డుని నిలబెట్టే స్టాండ్లు), ఒక మోడల్, టైమర్ పట్టుకున్న ఒక నిర్వాహకుడు, అంతే. మొదట ముప్పై సెకన్ల పోజులు, తర్వాత ఒక నిమిషం, రెండు, ఐదు, చివర్లో ఇరవై నిమిషాలది. అసలు విలువంతా ఆ మొదటి చిన్న పోజుల్లోనే ఉందని నా గట్టి నమ్మకం. కొందరు అవి వార్మప్ కదా అని ఆలస్యంగా వచ్చి పెద్ద పోజుకి మాత్రమే కూర్చుంటారు, దయచేసి అలా చేయకండి. ముప్పై సెకన్లలో కళ్లూ ముక్కూ గీయడానికి టైమే ఉండదు, కాబట్టి మనిషి బరువు ఎక్కడ పడుతోందో చూడక తప్పదు. ఒక కాలి మీద బరువేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందకి దిగుతుంది, మెడ గుంట నుంచి దారం వేలాడదీస్తే దాదాపు ఆ కాలి చీలమండ దగ్గరికి వస్తుంది. ఈ ఒక్క విషయం కంటికి అలవాటైతే బొమ్మ నేల మీద నిలబడుతుంది. లేకపోతే ఎంత అందంగా షేడింగ్ చేసినా పక్కకి పడిపోతున్నట్టే ఉంటుంది.

ఫోటో చూసి ఇంట్లోనే గీసుకోవచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. గీసుకోవచ్చు, కానీ అది వేరే పని. కెమెరాది ఒంటికన్ను, మనకి రెండు కళ్లు. దగ్గర్నుంచి తీసిన ఫోటోలో మన వైపు చాపిన పాదం బాగా పెద్దదైపోతుంది, నీడలు నల్లగా ముద్దకడతాయి, ఆ నీడలో ఉన్న వంపులు మాయమైపోతాయి. ఎదురుగా మనిషి ఉంటే తల కాస్త పక్కకి జరిపి మోకాలి వెనక ఏముందో చూడొచ్చు. మోడల్ ఊపిరి తీస్తే పక్కటెముకలు లేస్తాయి, పది నిమిషాలయ్యేసరికి భుజం కొద్దిగా జారుతుంది, మన గీత కూడా దానితో మారాలి. ముఖ్యంగా మనకెదురుగా కూర్చుని కాళ్లు మన వైపు పెట్టినప్పుడు, చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలిచి చూడండి: తొడ పాదం కంటే పొట్టిగా కనిపిస్తుంది. మెదడు ఒప్పుకోదు, తొడ పొడుగే అంటుంది. కొలతని నమ్మి గీసిన రోజున బొమ్మలోకి లోతు వస్తుంది, ఆ ఆనందం నాకు ఇంకే హాబీలోనూ దొరకలేదు.

ఇక అందరూ అడగడానికి మొహమాటపడే సంగతి. అవును, చాలా సెషన్లలో మోడల్ ఒంటిమీద బట్టలుండవు. మొదటిసారి వెళ్లేముందు టెన్షన్ ఉంటుంది, అది సహజం. టైమర్ మొదలయ్యాక మాత్రం తుంటి ఎముక ఎక్కడుంది, మోచెయ్యి నడుముకి ఏ ఎత్తులో ఉంది అన్న వెతుకులాటలో ఆ ఆలోచనే పోతుంది. అయినా ఇబ్బందిగా ఉంటే బట్టలతో పోజిచ్చే సెషన్లు కూడా ఉంటాయి, అక్కడ మొదలుపెట్టడం తప్పేం కాదు. ఒకప్పుడు ఆడవాళ్లకి ఈ అవకాశమే ఉండేది కాదు. 1768లో మొదలైన లండన్ రాయల్ అకాడమీ అనే కళాకారుల సంస్థకి ఏంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్ అనే ఇద్దరు చిత్రకారిణులు వ్యవస్థాపక సభ్యులు. కానీ అకాడమీ సభ్యులు బట్టల్లేని మోడల్ చుట్టూ చేరినట్టు జోహన్ జోఫనీ వేసిన చిత్రంలో వాళ్లిద్దరూ గోడకి వేలాడే పటాలుగా మాత్రమే కనిపిస్తారు, ఎందుకంటే ఆడవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. ఆ అకాడమీ బడిలో చదివే విద్యార్థినులకి ఈ మోడల్ క్లాసులోకి అనుమతి 1893లో గానీ రాలేదు, అదీ మోడల్ ఒంటిమీద కొంత బట్ట ఉంచాకే. ఇవాళ మా హాల్లో సగం ఈజిల్స్ ముందు రిటైరైన ఆడవాళ్లే నిలబడి ఉంటే చూడ్డానికి నాకు చాలా సంతోషంగా ఉంటుంది.

ఒక స్టూడియో మంచిదా కాదా అని నేను మోడల్‌ని చూసుకునే తీరుని బట్టే చెప్తాను. మోడల్ గౌనుతో వచ్చి, పోజుకి ముందు తీసి, విరామంలో మళ్లీ వేసుకుంటారు. మారడానికి వేరే గది ఉండాలి, చలిగా ఉంటే హీటర్ ఉండాలి, పెద్ద పోజులో కాళ్లూ చేతులూ ఎక్కడున్నాయో టేప్‌తో గుర్తులు పెట్టాలి, ఇరవై నిమిషాలకోసారి విశ్రాంతి ఇవ్వాలి. ఫోన్లు సంచిలో ఉండాల్సిందే. ఒంటి గురించి ఒక్క మాట కూడా ఉండకూడదు, మెచ్చుకోలు అయినా సరే. మా దగ్గర ఇవన్నీ పద్ధతిగా జరుగుతాయి. రకరకాల వయసుల మోడల్స్‌ని పిలవడం ఇంకా నచ్చింది. వయసు పైబడినవాళ్లని గీస్తుంటే ఎముకలు, నరాలు, ముడతలు అన్నీ దారి చూపిస్తాయి, కన్ను పట్టుకోవడానికి ఆధారాలు ఎక్కువ.

మా వయసు కళ్లకీ మోకాళ్లకీ కొన్ని జాగ్రత్తలు కావాలి. ప్రోగ్రెసివ్ కళ్లద్దాలున్నవాళ్లు మోడల్‌ని ఒక భాగంలోంచి, కాగితాన్ని ఇంకో భాగంలోంచి చూడాలి, ప్రతిసారీ తల పైకీ కిందకీ ఊపితే మెడ పట్టేస్తుంది. ఈజిల్‌ని మోడల్ పక్కనే కనిపించేలా, కాగితాన్ని నిటారుగా పెట్టుకుంటే తల ఊపే పని చాలావరకు తగ్గుతుంది. ఒళ్లో పడుకోబెట్టి గీస్తే ఇంకో చిక్కు, కాగితం పైభాగం మనకి కుదించినట్టు కనిపిస్తుంది కాబట్టి బొమ్మ తెలియకుండానే సాగిపోతుంది. కాళ్లు చెరోవైపు వేసి కూర్చునే బల్ల ఇస్తారు, దాన్ని డాంకీ అంటారు, మోకాళ్ల నొప్పులకి అది అస్సలు పనికిరాదు. ఒక కుర్చీలో కూర్చుని, ఎదురు కుర్చీ వీపుకి బోర్డు ఆనించుకోండి, హాయిగా ఉంటుంది.

సామాను విషయంలో పెద్ద ఖర్చు వద్దు. విల్లో చార్‌కోల్ కడ్డీలు (విల్లో చెట్టు పుల్లల బొగ్గు) చాలు, వేలితో రుద్దితే చెరిగిపోతాయి కాబట్టి భయం లేకుండా గీయొచ్చు. గట్టిగా ఒత్తి చేసిన కంప్రెస్డ్ రకం అంత సులువుగా చెరగదు, అది తర్వాత చూసుకోవచ్చు. పట్టు తగ్గిన వేళ్లకి కూడా చార్‌కోల్ మేలు, పని మణికట్టుది కాకుండా భుజానిదవుతుంది. చిన్న పోజులకి న్యూస్‌ప్రింట్ కాగితం వాడండి. అందులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉండటం వల్ల పచ్చబడి పెళుసుగా అయిపోతుంది, దాచుకోవాలనుకున్న బొమ్మకి మాత్రం మందపు కాగితం తీసుకోండి. పొడిని నోటితో ఊదకండి, బోర్డుని తట్టి దులపండి. చార్‌కోల్ చెదరకుండా కొట్టే ఫిక్సేటివ్ స్ప్రే ఆరుబయటే కొట్టాలి, ఆస్తమా ఉన్నవాళ్లు అసలు కొట్టకపోయినా నష్టం లేదు.

నచ్చనివీ ఉన్నాయి. పాటలు మరీ గట్టిగా పెడతారు, వినికిడి కాస్త తగ్గినవాళ్లకి టైమర్ మోగడం వినపడదు. దానికన్నా పెద్ద లోపం లైటింగ్. పైన ట్యూబ్‌లైట్లన్నీ వేసేస్తే నీడ అన్ని వైపుల నుంచీ చెదిరిపోయి ఒంటి మీద వెలుగెక్కడో చీకటెక్కడో తేలదు. పక్క నుంచి ఒకే దీపం పెట్టి మిగతావి ఆపేస్తే పని రెట్టింపు సులువవుతుంది. రెండుసార్లు అడిగితే ఒకసారి పెట్టారు, ఆ రోజు అందరి బొమ్మలూ బాగా వచ్చాయి.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటి లైట్ల కోసమే తగ్గించాను. చేరేముందు ఫోన్ చేసి చిన్న పోజులు ఎంతసేపు ఉంటాయి, వీపున్న కుర్చీలు ఉన్నాయా, పక్క దీపం పెడతారా అని అడగండి. అన్నీ ఉన్నాయంటే ఈ వారమే వెళ్లండి.