కరెంటు తీగల మీద ఇంటర్నెట్: పర్లాకిమిడి పాత ఇంట్లో నాలుగేళ్ల వాడకం

పర్లాకిమిడిలో మా ఇల్లు వెడల్పు తక్కువ, పొడుగు ఎక్కువ. ఫైబర్ రౌటరు వీధి గదిలో ఉంది. నేను కూర్చుని లెక్కల పని చేసుకునే గది పెరటి వైపు. మధ్యలో రెండడుగుల మందం మట్టిగోడలు నాలుగు. వైఫై రెండో గోడ దాటేసరికే నీరసించిపోయేది. కేబులు లాగుదామని బెజ్జం వేయిస్తే సున్నం పెళ్లలు రాలాయి. ఇక గోడ ముట్టుకోవద్దన్నారు మామయ్యగారు. అలా కొన్నాను, ఇంట్లో ఉన్న కరెంటు తీగల మీదుగానే ఇంటర్నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల జత.

ఒకటి రౌటరు పక్క ప్లగ్గులో పెట్టి చిన్న లాన్ వైరుతో కలపాలి, రెండోది నా గదిలో. ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ది. వీటి సంకేతం 2 మెగాహెర్ట్జ్‌ దగ్గర మొదలై పైకి పోతుంది. అందుకే ఒకే తీగలో రెండూ అడ్డం లేకుండా నడుస్తాయి.

డబ్బా మీద వేగం 600 ఎంబీపీఎస్ అని ఉంది. ఆ అంకె నమ్మి కొనకండి, ఈ రకంలో చాలావాటికి లాన్ పోర్టే 100 దాటదు. నాకు మొదటిరోజు వచ్చింది 8.

కారణం మా వైరింగులో దొరికింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు వెనక పెంకులు లేచిపోతే, తడిసిన తీగలన్నీ పీకించి కొత్తవి వేయించాం. నూతి మోటారు కోసం త్రీ ఫేజు తీసుకున్నదీ అప్పుడే. వీధి గది ఒక ఫేజు మీద, నా గది ఇంకో ఫేజు మీద పడ్డాయి. సంకేతం ఫేజు మారితే బాగా సన్నబడిపోతుంది. ఈ మాట చెబితే కరెంటు మేస్త్రి, "దీనికేముందమ్మా" అని మెయిన్ బోర్డులో నా గది తీగ మార్చాడు. 8 కాస్తా 40 అయింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

తర్వాత స్పైక్ గార్డ్ తీసేసి అడాప్టరుని నేరుగా గోడ ప్లగ్గులో పెడితే 55కి వెళ్లింది. స్పైక్ గార్డులో ఫిల్టరు ఉంటే ఈ సంకేతాన్ని కూడా మింగేస్తుంది.

అత్తయ్యగారు మిక్సీ వేస్తే 20కి పడుతుంది, ఆపగానే లేస్తుంది. అది భరించొచ్చు. నన్ను బాగా ఏడిపించింది ఒక చవక ఫోన్ ఛార్జరు. రోజూ రాత్రి తొమ్మిదికి లైను తెగేది. వారం పాటు ఒక్కో ప్లగ్గూ పీకి చూస్తే, మా అబ్బాయి పడుకునే ముందు పెట్టే ఛార్జరు అని తేలింది. మార్చాక మళ్లీ తెగలేదు.

ఇన్వర్టరు ఉందని ధైర్యపడకండి. రౌటరుతో పాటు రెండు అడాప్టర్ల ప్లగ్గులూ ఇన్వర్టరు లైను మీద ఉంటేనే కరెంటు పోయినా నెట్టు నిలుస్తుంది.

మాలాగా గోడకు గోడ కలిసిన ఇళ్లవాళ్లు పక్కింటి అడాప్టరు మన నెట్టులో కలవకుండా, అడాప్టర్ల మీది జత (పెయిర్) బటను నొక్కి సొంత రహస్య తాళం పెట్టుకోవాలి. సంకేతం మీటరు దగ్గరే ఆగిపోతుందని అనుకోకూడదు.

రెండో ఏడాది పిడుగులకు ఒక అడాప్టరు పోయింది. వేరే కంపెనీది తెచ్చినా కలిసింది, రెండూ హోమ్‌ప్లగ్ ఏవీ2 అనే ఒకే ప్రమాణం రకమే కాబట్టి. జీ.హెచ్.ఎన్ అనే ఇంకో ప్రమాణం రకం వీటితో కలవదు, కొనేముందు చూసుకోండి.

మొన్న పక్కవీధి ఒడియా మాస్టారు తనకూ ఒక జత తెప్పించమన్నారు. ఆయనది కొత్త స్లాబు ఇల్లు, టీవీ వైరుకని గోడలో పైపు వేయించారు. ఆ పైపులోంచి లాన్ కేబులు లాగించుకోమన్నాను.