వర్షారణ్యంలో బసా, తాడ్వాయి హట్సా: ఓరుగల్లు వాళ్లకు ఏది మేలు?

హనుమకొండ నుంచి బయలుదేరి రెండు మూడు రాత్రులు అడవిలో గడపాలనుకునే కుటుంబానికి రెండు దారులున్నాయి. కర్ణాటకలో, పడమటి కనుమల్లోని ఆగుంబె వంటి అసలైన వర్షారణ్యానికి వెళ్లి అక్కడి చిన్న ఎకో లాడ్జిలో దిగడం ఒకటి, మేడారం దారిలో అటవీశాఖ వారి తాడ్వాయి హట్స్‌లో ఉండడం మరొకటి. లక్నవరాన్ని ఈ పోలికలోకి తేవడం లేదు. కాకతీయుల నాటి ఆ చెరువులో కాటేజీలు ఎంత అందంగా ఉన్నా, అక్కడ మనం ఉండేది నీళ్ల నడుమే గాని అడవి నడుమ కాదు.

రెండింటికీ అసలు తేడా వానలో ఉంది. వరంగల్ ప్రాంతంలో ఏడాదికి కురిసేది వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూ కాగా, ఆగుంబెలో ఏటా సగటున 7,000 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది. అందువల్ల అక్కడి చెట్లు ఒక్కసారిగా ఆకు రాల్చవు. పైకొమ్మలు ఒకదానితో ఒకటి అల్లుకుపోయి మిట్టమధ్యాహ్నం కూడా కింద నీడగానే ఉంటుంది, మానుల మీద నాచు, ఫెర్నులు, ఆర్కిడ్లు పెరుగుతాయి. ఆకులు పోగుచేసి గూడు కట్టే ఒకే ఒక్క పామైన రాచనాగుకు ఆ ఊరు పేరుపొందింది. మన ఏటూరునాగారం అభయారణ్యం టేకు, మద్ది, తునికి, ఇప్ప చెట్లు కలిసిన ఆకురాల్చే అడవి. శ్రావణ భాద్రపదాల్లో ఎంత పచ్చగా ఉంటుందో ఫాల్గుణానికి అంత బోడిగా మారి, ఎండుటాకుల మీద అడుగు వేస్తే ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది.

కాబట్టి వానకాలానికి నేను తాడ్వాయికే ఓటు వేస్తాను. ఆ నెలల్లో ఆగుంబెలో బట్టలు ఆరవు, జలగలు కాళ్లను వదలవు, వాన ఎడతెరిపి లేనప్పుడు గది దాటి కదలడమే కష్టం. (తాడ్వాయి పక్కనున్న వాగుకు జలగలంచ అన్న పేరున్న మాట నిజమే గాని, పోలిక పేరుతోనే ఆగిపోతుంది.) హనుమకొండ నుంచి తాడ్వాయికి రెండు గంటల ప్రయాణం, దారిలో రామప్ప, మరికొంత ముందుకు వెళితే బొగత జలపాతం ఉన్నాయి. అయితే గాలివాన హెచ్చరిక ఉన్న రోజున వెళ్లకపోవడమే మంచిది: 2024 ఆగస్టు 31న వీచిన గాలికి తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వేలాది చెట్లు కూలిపోయాయి. సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మాఘమాసంలోనూ ఆ రోడ్డు మీద ఏకాంతాన్ని ఆశించలేము.

దీపావళి దాటాక మాత్రం తూకం మారుతుంది. అప్పటికి కనుమల్లో వాన తెరిపినిచ్చి కాలిబాటలు నడవడానికి వీలవుతాయి, వాగుల్లో నీరు ఇంకా ఉంటుంది. రైళ్లు మారి ఉడుపిలో దిగి, ఘాట్ రోడ్డు ఎక్కేసరికి పోవడానికే ఒక పగలూ రాత్రీ పడుతుంది కనుక, ఐదు రోజుల సెలవు లేనివారు ఆ ఆలోచన మానుకోవడం మేలు. ఖర్చు కూడా తాడ్వాయికి కొన్ని రెట్లు అవుతుంది. పులి, ఏనుగు కనబడాలని పట్టుబట్టే పిల్లలకు వర్షారణ్యం నిరాశే మిగులుస్తుంది. కప్పల్ని, పురుగుల్ని టార్చిలైటు వెలుగులో ఓపికగా వెతికే పిల్లలుంటే ఆ దూరాభారం దండగ కాదు.

బోర్డు మీద ‘ఎకో’ అని రాసుకున్న ప్రతి చోటునూ నమ్మవలసిన పని లేదు. గది మాట్లాడుకునేటప్పుడే చెత్త ఎక్కడికి పోతుంది, రాత్రి జనరేటర్ నడుస్తుందా, వెంట దారి చూపేవారు ఆ ఊరివారేనా అని అడగాలి. తాడ్వాయికైనా, ఆగుంబెకైనా ఈ మూడు ప్రశ్నలూ వర్తిస్తాయి.