షాషీ: బిడారుల నాటి సంత ఊరు

చైనాలోని యునాన్ ప్రావిన్సులో, తేయాకు మూటలతో టిబెట్ వైపు సాగిన గుర్రపు బిడారులు ఒకప్పుడు మజిలీ చేసిన షాషీలో గడిపిన రెండు రోజులు నాకు ఎంతో తృప్తినిచ్చాయి. 1415లో కట్టిన షింగ్‌జియావ్ ఆలయానికి ఎదురుగా పాత నాటకశాల నేటికీ నిలిచి ఉంది. ఆ రెంటి నడుమ పరచిన, అరిగి నునుపెక్కిన ఎర్ర ఇసుకరాతి పలకల మీద తెల్లవారుజామున నడవడం కోసమైనా ఊళ్లోనే బస చేయాలి. సుమారు 2,100 మీటర్ల ఎత్తు కావడంతో రాత్రి చలి ఎక్కువ; మేము దిగిన చోట దుప్పట్లు చాలలేదు.

యూజిన్ రాతి వంతెన చిన్నదే అయినా ముచ్చటైనది. అయితే, నా దృష్టిలో అసలు విశేషం షిబావ్ కొండ. 1961లోనే జాతీయ రక్షణ పొందిన అక్కడి షిజోంగ్ గుహాలయాలలో పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన నన్‌జావ్ రాజుల కొలువునూ బుద్ధమూర్తులనూ ఒకే కొండరాతిలో మలిచిన పనితనాన్ని చూడటానికి పూటంతా కేటాయించవలసిందే.