గ్యాస్ గీజర్ కొన్నవాళ్ళు, కొనబోయేవాళ్ళు: ముందు ప్లేటు మీద ఏ గ్యాస్ అని రాసుందో చూడండి

ఒడిశాలో సెమిలిగుడ, సునాబెడ, జయపురం, రాయగడ వైపు ఉండే మన తెలుగువాళ్ళలో ఈ చలికాలం గ్యాస్ గీజర్ కొన్నవాళ్ళెవరైనా ఉంటే, మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు లేచి వెళ్ళి రెండు చూడండి. గీజర్ వెలిగినప్పుడు లోపల మంట ఏ రంగులో ఉంది? డబ్బా పక్కనో అడుగునో ఉండే ప్లేటు మీద ఏ గ్యాస్ అని రాసుంది? మంట పసుప్పచ్చగా, పొడుగ్గా లేస్తున్నా, ప్లేటు మీద ఎల్‌పీజీ అని కాకుండా పీఎన్‌జీ (పైపు గ్యాస్) అనో నేచురల్ గ్యాస్ అనో ఉన్నా ఇక దాన్ని వెలిగించకండి. మా ఇంట్లో నెలన్నర పాటు ఆ రెండూ ఎవరమూ చూడలేదు. మా అత్తగారు ప్రాణంతో ఉన్నారంటే దేవుడి దయ.

మాది సెమిలిగుడ. డిసెంబరు, జనవరిలో ఇక్కడి చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, కుళాయిలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఇన్నేళ్ళూ పెరట్లో రాగి బాయిలరు కిందే పుల్లలు పెట్టి నీళ్ళు కాచుకున్నాం. అత్తగారికి డెబ్బై దాటాయి, తెల్లవారుజామున పొగలో కూర్చోలేకపోతున్నారని ఈ కార్తీకంలో గీజర్ కొందామనుకున్నాం. కరెంటు గీజర్ వద్దనుకోవడానికి కారణం పొద్దున్న పూట వోల్టేజీ. మా వారు పని మీద సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా కిందకి వెళ్ళినప్పుడు ఒక దుకాణంలో గ్యాస్ గీజర్ తీసుకొచ్చారు. దుకాణం పేరు, ఊరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తోంది. 5,800 రూపాయలు. బిల్లు అడిగితే "పక్కా బిల్లయితే ధర పెరుగుతుంది సార్" అని ఎస్టిమేట్ కాగితం రాసిచ్చారు. దాని మీద మోడల్ పేరు లేదు, నంబరు లేదు, "గీజర్ 1" అని మాత్రం ఉంది. మేము చేసిన మొదటి తప్పు అది.

మాకు రెండు బండల కనెక్షన్ ఉంది. ఒకటి వంటింటికి, రెండోది పూర్తిగా గీజర్‌కే. అందుకే గీజర్ ఎంత తాగుతోందో స్పష్టంగా తెలిసిపోయింది. మొదటి బండ 17 రోజులకి అయిపోయింది. కొత్త కదా, పిల్లలు ఎక్కువసేపు తిప్పి వదిలేస్తున్నారేమో అనుకున్నాం. రెండోది 15 రోజులే వచ్చింది. మూడోది 13.

దుకాణానికి ఫోన్ చేస్తే వాళ్ళన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మీ ఒడిశా వైపు బండలో గ్యాస్ తీసేసి ఇస్తారమ్మా, మా గీజర్‌కేం లేదు." నేను నమ్మాను. బండ తెచ్చే కుర్రాడు ఒడియావాడు, పద్ధతైన పిల్లవాడు, నన్ను మావుసీ, అంటే పిన్నీ, అని పిలుస్తాడు. రెండోసారి అతన్ని అనుమానంగా అడిగాను. మూడోసారి వీధిలో నలుగురూ వింటుండగా గ్యాస్ దొంగిలిస్తున్నావని అనేశాను. అతను ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. సైకిలు రిక్షా మీద నుంచి కాటా తీసి, "ఓజన్ కరి దేఖంతు మావుసీ" అన్నాడు. తూచి చూడమని. తూచితే 30 కిలోల 100 గ్రాములు. బండ మెడ దగ్గర కొట్టి ఉన్న ఖాళీ బరువు 15.9. తీసేస్తే 14.2, ఒక్క గ్రాము తేడా లేదు. తూకం అడగడం మన హక్కు, బండ తెచ్చేవాళ్ళు కాటా తీసుకురావాలి. ఆ హక్కు మొదటిరోజే వాడుకుని ఉంటే ఆ పిల్లవాడికి ఆ అవమానం ఉండేది కాదు. తర్వాత అతనికి క్షమాపణ చెప్పుకున్నాను, అదే వీధిలో, అప్పుడు విన్నవాళ్ళని పిలిచి మరీ.

బండ నిండుగానే వస్తోందని తేలింది కాబట్టి లీకేమో చూశాం. సబ్బు నురగ రెగ్యులేటరు దగ్గర, రబ్బరు పైపు రెండు కొసల దగ్గర రాస్తే బుడగలు రాలేదు. ఇంకో పరీక్ష కూడా చేశాం, ఇది ఎవరైనా చెయ్యొచ్చు. రాత్రి బండ తూచి, రెగ్యులేటరు బిగించి తెరిచి ఉంచి, గీజర్ వాడకుండా పడుకున్నాం. పొద్దున్న తీసి తూచితే అదే బరువు. అంటే లీకు లేదు. నీళ్ళ పైపు పొడవు వల్ల వేడి పోతోందేమోనని మా అబ్బాయి కొలిచాడు, స్నానాల గదిలోనే గీజర్ ఉంటే పైపు ఎంతుంటుంది, అదీ కాదు.

అప్పుడు కాగితం మీద లెక్క వేశాం. ఈ లెక్క దాచుకోండి. కిలో ఎల్‌పీజీ కాలితే సుమారు 11,000 కిలోకేలరీల వేడి వస్తుంది. 15 లీటర్ల బకెట్టు నీళ్ళు 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి కాగాలంటే 15 ఇంటూ 30, 450 కిలోకేలరీలు. గీజర్ నూటికి 15 వంతులు గాలికి వదిలేసినా, బకెట్టుకి 50 గ్రాముల గ్యాస్ చాలు. మేము ఐదుగురం, రోజుకి ఆరు బకెట్లు, 300 గ్రాములు. ఆ లెక్కన 14.2 కిలోల బండ 47 రోజులు రావాలి. మాకు 13 రోజులకే అయిపోతోంది. అంటే మూడింతలు పైనే. పిల్లలు కాసేపు ఎక్కువ తిప్పినంత మాత్రాన మూడింతలు కాదు.

మా వెనక వీధిలో ఒక బాబాయిగారున్నారు. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. ఆయన వచ్చి బండ వైపు చూడనైనా లేదు. "మంట ఏ రంగమ్మాయ్?" అని అడిగారు. గీజర్ ముందు చిన్న కిటికీ ఉంటుంది కదా, నేను ఎప్పుడూ వంగి చూసినదాన్ని కాను. ఆయన వెలిగించి చూపించారు. నీలంగా, పొట్టిగా ఉండాల్సిన మంట పసుప్పచ్చగా, ఊగుతూ పైదాకా నాకుతోంది. పైన కప్పుకి అరచేతి వెడల్పున మసి. అదీ నేను చూస్తూనే ఉన్నాను, బూజు అనుకున్నాను. ఆయన వెంటనే గీజర్ కట్టేసి, రెగ్యులేటరు తీసి, కిటికీ తలుపులు బార్లా తెరిచారు. తర్వాత ప్లేటు చూశారు. ఎల్‌పీజీ అని ఉంది, కాని అది ప్లేటు మీద అంటించిన స్టిక్కరు. గోటితో లాగితే కింద అసలు అక్షరాలు కనబడ్డాయి: పీఎన్‌జీ.

పట్నాల్లో పైపు ద్వారా వచ్చే గ్యాస్‌కి చేసిన గీజర్ అది. తేడా ఏమిటో బాబాయిగారు చెప్పినట్టే రాస్తాను. పైపు గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. అంతే ఘనపరిమాణం తీసుకుంటే దానిలో వేడి ఎల్‌పీజీలో సగం కూడా ఉండదు. అందుకని ఆ గీజర్ బర్నరులో గ్యాస్ బయటికొచ్చే జెట్ల రంధ్రాలు పెద్దవిగా పెడతారు. పైగా పైపు గ్యాస్ ఇళ్ళకి 21 మిల్లీబార్ల ఒత్తిడి దగ్గర వస్తుంది, మన బండ రెగ్యులేటరు 30 దగ్గర ఇస్తుంది. పెద్ద రంధ్రం, ఎక్కువ ఒత్తిడి, దాంట్లోంచి బలమైన గ్యాస్. లోపలికి వెళ్ళాల్సిన దానికి రెండింతల ఇంధనం వెళుతుంది. గాలి మాత్రం పెరగదు. అందుకే సగం కాలి సగం కాలక మసి అవుతుంది. ఆ మసి నీళ్ళు కాగే రాగి రేకుల మధ్య పేరుకుంటుంది. రేకులు మూసుకుపోతే వేడి నీళ్ళకి అందకుండా పైకి పోతుంది. నీళ్ళు చాలినంత కాగడం లేదని నేను నాబ్ ఇంకాస్త పెంచేదాన్ని, దాంతో మసి ఇంకాస్త. 17, 15, 13 అని రోజులు ఎందుకు తగ్గుతూ వచ్చాయో అప్పుడు అర్థమైంది.

గ్యాస్ పోయింది, డబ్బు పోయింది, అది సర్దుకుంటాం. నేను ఇంత పొడుగు రాస్తున్నది దానికి కాదు. డిసెంబరు మొదటి నుంచీ మా అత్తగారు స్నానం చేసి వచ్చాక తలనొప్పి అనేవారు. కళ్ళు తిరుగుతున్నాయని మంచం మీద వాలిపోయేవారు. ఒకరోజు గుమ్మం పట్టుకుని కూలబడ్డారు. పైత్యం అనుకున్నాను. శొంఠి కాఫీ పెట్టి ఇచ్చేదాన్ని, చలిగాలి తగలకూడదని స్నానాల గది కిటికీ నేనే అట్టముక్కతో మూసేశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ రాత్రి నిద్ర పట్టదు. సరిగ్గా కాలని మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. బండలో గ్యాస్ లీకైతే మనకి వాసన తెలుస్తుంది, తెలియాలనే అందులో ఘాటైన మందు కలుపుతారు. ఈ కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ప్రాణవాయువు పట్టుకోవాల్సిన చోటుని అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం, తర్వాత స్పృహ తప్పడం. తలుపు గడియ వేసుకుని ఒంటరిగా ఉన్న మనిషి మళ్ళీ లేవలేకపోవచ్చు. గీజర్ ఆపిన రోజు నుంచి ఆవిడకి ఆ తలనొప్పి లేదు. అయినా డాక్టరుకి చూపించాం, జరిగింది మొత్తం చెప్పాం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే జలుబనో పైత్యమనో అనుకోకుండా డాక్టరుతో గీజర్ మాట తప్పకుండా చెప్పండి.

గీజర్ సరైనదే అయినా స్నానాల గది లోపల పెట్టించకండి. బయట గోడకి, గాలి ఆడే చోట పెట్టించి వేడి నీళ్ళ పైపు లోపలికి తెచ్చుకోండి. మాకు బిగించినవాడు ఇది చెప్పలేదు, మేము అడగలేదు.

స్టిక్కరు గురించి దుకాణానికి ఫోన్ చేస్తే మొదట మాది కాదన్నారు. డబ్బు ఫోన్‌లో పంపిన రుజువు చూపిస్తే, పంపించండి జెట్లు మార్చి ఇస్తాం అన్నారు. బాబాయిగారు వద్దన్నారు. జెట్టు ఒక్కటి మారిస్తే సరిపోదు, ఒత్తిడి సర్దుబాటు కూడా మారాలి, అది తయారుచేసిన కంపెనీ మనిషి కంపెనీ సామానుతో చెయ్యాల్సిన పని. కొట్లో కుర్రాడు రంధ్రంలో తీగ దూర్చి చిన్నది చేస్తే మళ్ళీ ఇదే కథ. డబ్బు వెనక్కి ఇవ్వమని రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. డబ్బు ఇవ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళతాం.

మన సరిహద్దువాళ్ళు చాలామంది "ఆంధ్రలో కొన్నాం, కేసు వెయ్యాలంటే ప్రతిసారీ ఘాటీ దిగాలి" అని ఊరుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తాము ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. వస్తువు విశాఖలో కొన్నా విజయనగరంలో కొన్నా మా సెమిలిగుడవాళ్ళకి కొరాపుట్ జిల్లా కమిషన్ సరిపోతుంది. 5 లక్షల రూపాయల లోపు విలువకి ఫీజు కూడా లేదు. ఈ సంగతి తెలిస్తే మనకి తప్పుడు సరుకు అంటగట్టడానికి వాళ్ళు కాస్త ఆలోచిస్తారు.

కొనబోయేవాళ్ళు ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 15558 అన్న నంబరు చూడండి, అది ఎల్‌పీజీ గీజర్ల ప్రమాణం. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, ఎల్‌పీజీ అనే మాట రాయించుకోండి. రాయనంటే ఆ కొట్టు దిగి వచ్చేయండి, వందో రెండొందలో ఎక్కువైనా ఇంకోచోట కొనుక్కోండి.

ఇప్పటికే కొన్నవాళ్ళు మీ ప్లేటు మీద కూడా స్టిక్కరు కనబడితే తొందరపడి పీకకండి. మేము పీకేశాక ఫోటో తీశాం, ఆ స్టిక్కరు మేమే అంటించామని దుకాణంవాళ్ళు ఇప్పుడు వాదిస్తున్నారు. ముందు స్టిక్కరు ఉండగా ఫోటో తీయండి, తర్వాత ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ ఒక మూల నుంచి లాగండి. గీజర్ మటుకు అప్పటిదాకా వెలిగించవద్దు. మా అత్తగారికి మళ్ళీ పెరట్లో రాగి బాయిలరులోనే నీళ్ళు కాస్తున్నాం, పుల్లలు నేను పెడుతున్నాను, ఆవిడని పొగ దగ్గరికి రానివ్వడం లేదు.