చిన్న టేబుల్‌కి క్రియేటివ్ పెబల్ స్పీకర్లు, మూడు నెలలు వాడాక

మా అమ్మ లాప్‌టాప్‌లో ఘంటసాల పద్యాలు వినడం చూసి నాకే బాధేసింది. ఆ గొంతులో ఉన్న గాంభీర్యమంతా పోయి రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉండేది, ఆవిడ స్క్రీన్ దగ్గరికి వంగి మరీ వినేది. నాకేమో రోజుకి నాలుగైదు మీటింగులు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాయంత్రానికి చెవులు నొప్పి. ఒక శనివారం మెట్రోలో పారడైజ్ స్టేషన్‌లో దిగి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి నడిచి వెళ్లి ఈ స్పీకర్లు కొన్నాను. రెండు వేలకి కాస్త అటూ ఇటూ.

ఇంతకుముందు ఒకసారి వాట్లు చూసి మోసపోయాను. ఎక్కడ కొన్నానో, ఏ కంపెనీదో చెప్పను గానీ, డబ్బా మీద పెద్ద అక్షరాలతో వందల వాట్లు పీఎంపీవో అని ఉంది, ఆరు నెలలకే ఒక వైపు మూగబోయింది. పీఎంపీవో అంటే ఒక్క క్షణం పాటు ఇవ్వగలదని చెప్పుకునే గరిష్ఠ శక్తి, దానికి అందరూ ఒప్పుకున్న కొలత అంటూ లేదు, ఎవరికి తోచిన అంకె వాళ్లు వేసుకోవచ్చు. చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. ఇలాంటి చిన్న స్పీకర్లు కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు నుంచే కరెంటు తీసుకుంటాయి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీ ఆంపియర్లు, అంటే 2.5 వాట్లు. అంత కరెంటు మీద నడిచే స్పీకర్ వందల వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది? పెబల్ మొదటి మోడల్ డబ్బా మీద 4.4 వాట్లు ఆర్ఎంఎస్ అనే ఉంటుంది. ఆ 2.5కి ఇదీ కాస్త ఎక్కువే, అయినా వందల్లో కాదు. నాకు ఆ చిన్న అంకె మీదే నమ్మకం కలిగింది.

షాపులో అబ్బాయి పెట్టింది ఒక మాస్ పాట, "బేస్ వినండి సార్, టేబుల్ అదరాలె" అన్నాడు. అంత గోలలో బేస్ తప్ప ఇంకేం తెలుస్తుంది? నేను నా ఫోన్ తగిలించి, ముందు రేడియో వార్తలు, తర్వాత ఒక పద్యం పెట్టి విన్నాను. మనకి బాగా తెలిసిన మనిషి గొంతు పెట్టి వింటే స్పీకర్ సంగతి రెండు నిమిషాల్లో బయటపడుతుంది. శషసలు ఈల వేసినట్టు రాకూడదు, ఒత్తులు కలిసిపోకూడదు. ఇందులో రెండూ బాగున్నాయి.

దానికి కారణం దీని ఆకారం. చూడ్డానికి రెండు గుండ్రటి బంతులు, ముందు వైపు కోసేసినట్టు ఉండి, స్పీకర్ 45 డిగ్రీలు పైకి చూస్తూ ఉంటుంది. అందం కోసం అలా పెట్టారని మొదట అనుకున్నాను, కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దం నలువైపులా పరుచుకుంటుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీది మాత్రం టార్చి వెలుగులా ఎటు తిప్పితే అటే పోతుంది. మామూలు చిన్న స్పీకర్లు టేబుల్ మీద పెడితే మన ఛాతీ వైపు పాడుతుంటాయి, మాటలో స్పష్టత ఇచ్చే భాగమంతా చెవి కిందుగా పోతుంది. ఇది నేరుగా మొహం మీదకే పంపిస్తుంది. అందుకే వాల్యూమ్ సగం కూడా పెట్టకుండానే మీటింగులో అవతలివాళ్ల ప్రతి మాటా తెలుస్తోంది. పాత పద్యాలైతే మరీ బాగున్నాయి, ఆ రోజుల్లో మోనో రికార్డింగు కదా, రెండు స్పీకర్లలో ఒకే శబ్దం వస్తుంది, సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు మానిటర్ మధ్యలోంచి వస్తున్నట్టే ఉంటుంది.

బేస్ విషయంలో ఆశ పెట్టుకోవద్దు. శబ్దం పుట్టించే కోన్ 2 అంగుళాలది. వెనకాల పాసివ్ రేడియేటర్ ఉంది, దానికి వైరు ఉండదు, డబ్బా లోపలి గాలి ఒత్తిడికి తనంతట తాను ఊగి బేస్‌కి కాస్త సాయం చేస్తుంది. అయినా ఇది పలికే ఫ్రీక్వెన్సీలు కంపెనీ లెక్కలోనే 100 హెర్ట్జ్ నుంచి 17 కిలోహెర్ట్జ్ అని. బేస్ గిటార్ అన్నిటికన్నా కింది తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంటే ఎంత వదిలేస్తుందో చూడండి. మృదంగంలో కుడి చేతి దెబ్బలు చక్కగా విడివిడిగా వినిపిస్తాయి, ఎడమ వైపు గుమ్కి, అంటే ఆ లోతైన నాదం, మాత్రం పలచబడిపోతుంది. మా తమ్ముడు బోనాల తీన్మార్ పెట్టి చూశాడు, కర్ర దెబ్బ చురుగ్గానే ఉంది, గుండెకి తగిలే దెబ్బ లేదు. వాడిలాంటి వాళ్లు బేస్ కోసమే విడిగా సబ్‌వూఫర్ డబ్బా ఉన్న 2.1 సెట్టు కొనుక్కోవాలి, కాకపోతే అపార్ట్‌మెంట్‌లో కింది ఇంటివాళ్లని కూడా గుర్తుపెట్టుకోవాలి.

పెట్టే చోటుని బట్టి చాలా తేడా వస్తుంది. మొదట గోడకి ఆనించి పెట్టాను, శబ్దం బొంగురుగా వచ్చింది. జానెడు ముందుకి జరిపి, రెండిటి మధ్య దూరం, వాటికీ నాకూ మధ్య దూరం దాదాపు సమానంగా ఉండేలా పెట్టాక శుభ్రపడింది.

ఇంకొకటి, లాప్‌టాప్ నుంచే కరెంటు, లాప్‌టాప్ నుంచే ఆడియో తీసుకుంటే వెనకాల సన్నగా కీచుమని వినిపించింది, మౌస్ కదిపితే ఆ కీచు కూడా మారేది. పగలు ఏమో గానీ రాత్రి ఫ్యాన్ ఆపితే భరించలేం. ఇది ఈ స్పీకర్ ఒక్కదాని సంగతి కాదు, రెండు వైర్లూ ఒకే కంప్యూటర్‌కి పెడితే గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి ఇలా జరుగుతుంటుంది. యూఎస్‌బీ వైరు తీసి పాత ఫోన్ ఛార్జర్‌కి పెట్టాను, పోయింది. సర్వీస్ సెంటర్లకి తిరిగే ముందు ఈ పని చేసి చూడండి.

వైర్లు ఊడిరావు, కుడి స్పీకర్‌లోంచే వస్తాయి, పొడవు 1.2 మీటర్లు. సీపీయూ టేబుల్ కింద, అదీ ఎడమ వైపు ఉంటే కొనేముందే కొలుచుకోండి. బ్లూటూత్ ఇందులో లేదు, కావాలంటే పెబల్‌లోనే వీ3 అనే తర్వాతి మోడల్ చూడాలి. కోన్‌కి ముందు జాలీ లేదు, రాగి రంగులో మెరుస్తుంటే పిల్లలకి వేలు పెట్టి నొక్కాలనిపిస్తుంది, మా అక్క కూతురు వచ్చినప్పుడల్లా అటక మీద పెడుతున్నాను. మాది మెయిన్ రోడ్డు పక్క ఇల్లు, రెండు రోజులకే దుమ్ము పేరుకుంటుంది. తడిగుడ్డ పెట్టొద్దు, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపితే చాలు.

వంటింట్లోకి వినపడాలంటే మాత్రం ఇవి సరిపోవు. పది అడుగులు దాటితే పద్యం వినిపిస్తుంది గానీ ఆ దగ్గరితనం ఉండదు. అమ్మ ఇప్పుడు చిక్కుడుకాయలు తీసుకుని నా టేబుల్ పక్కనే కూర్చుంటోంది, మీటింగు ఎప్పుడైపోతుందా అని చూస్తూ.