పాత జీపుకు సొంత వైద్యం: ఉన్నదాన్నే నడిపించుకోవడం మేలా, కొత్తది బిగించడం మేలా?

పాత ఫోర్ బై ఫోర్ బండి కొన్నవాళ్లకి మొదటి ఏడాదిలోనే ఒక జబ్బు పట్టుకుంటుంది. బండి ఎక్కడ మొరాయించినా "ఈ పాత సామాను పీకేసి కొత్తది బిగిస్తే పోలా" అనిపిస్తుంది. నాకూ పట్టుకుంది. కొన్ని మార్చాను. మార్చినవాటిలో ఒకటి మళ్లీ ఊడబీకి పాతదే పెట్టుకున్నాను. జీపు అని నేను అనేది ఒక్క కంపెనీ బండిని కాదు. విల్లీస్, ల్యాండ్ రోవర్ సిరీస్ బళ్లు, టొయోటా ఎఫ్‌జే40, ఏదైనా సరే మనకి జీపే కదా.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి అన్నదానికి నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే. ఫోన్ సిగ్నల్ లేని చోట అది చెడిపోతే, డిక్కీలో ఉన్న సామానుతో నేనే బాగుచేసుకోగలనా? చేసుకోగలిగితే ఉంచుతాను. బ్రేకుల దగ్గర మాత్రం ఈ లెక్క చెల్లదు.

పాయింట్లా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషనా?

ప్లగ్గులకి వరసగా కరెంటు పంచేది డిస్ట్రిబ్యూటర్, దాని మూతకి రెండు క్లిప్పులుంటాయి. అవి వదిలించి, రోటర్‌ని పైకి లాగేస్తే కింద కనిపించే చిన్న లోహపు బొడిపెల జతే పాయింట్లు. మధ్యలో ఇరుసు తిరుగుతూ వాటిని తెరుస్తుంది. తెరుచుకున్న క్షణంలో కాయిల్‌లో కరెంటు తెగి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుడుతుంది. ఆ తెరుచుకునే సందు చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇరుసుకి ఒరుసుకునే మడమ అరిగేకొద్దీ ఆ సందు తగ్గుతుంది, టైమింగ్ (నిప్పురవ్వ పుట్టే వేళ) వెనక్కి జరుగుతుంది, పికప్ పోతుంది. బండి హఠాత్తుగా మొండికేసిందని మనం అనుకుంటాం గానీ అది నెలరోజులుగా చెబుతూనే ఉంటుంది.

పాయింట్లలో నాకు నచ్చేది అదే, చెప్పి మరీ చెడిపోతాయి. బాగుచేయడానికి కావలసింది ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు), చిన్న స్క్రూడ్రైవర్, వేలెడంత గరుకు కాగితం. సందు సరిగ్గా ఉందో లేదో చేతికే తెలుస్తుంది. మూసిన పుస్తకంలోంచి చీటీ లాగినప్పుడు ఎంత పట్టు ఉంటుందో, గేజ్ రేకు లాగితే అంత పట్టు ఉండాలి. చివర్లో శుభ్రమైన తెల్ల కాగితం ముక్క ఒకసారి మధ్యలో పెట్టి లాగాలి. మన వేలికున్న నూనె కొంచెం అంటినా పని మళ్లీ మొదటికొస్తుంది.

ఎలక్ట్రానిక్ కిట్ అంటే అదే మూత కింద ఇమిడిపోయే చిన్న మాడ్యూల్, ఇరుసు మీద కూర్చునే అయస్కాంతాల చుట్టు, రెండు వైర్లు. ఒరుసుకునేది ఏమీ లేదు కాబట్టి అరిగేదీ లేదు. ఐడ్లింగ్ నిలకడగా ఉంటుంది, చలిలో తొందరగా స్టార్ట్ అవుతుంది. డిస్ట్రిబ్యూటర్ బుష్షులు అరిగి ఇరుసు కొంచెం ఊగుతున్నా పాయింట్లంత పేచీ పెట్టదు. అయితే పోయేటప్పుడు చెప్పాపెట్టకుండా పోతుంది. ఒకసారి వైరింగ్ వెతుకుతూ, ఇంజిన్ ఆపి, తాళం మాత్రం ఆన్‌లోనే అరగంట వదిలేశాను. మాడ్యూల్ కాలిపోయింది. తప్పు పూర్తిగా నాదే, కిట్‌తో వచ్చిన కాగితంలో ఆ మాట రాసే ఉంది.

కొనేముందు బండి ఏ కరెంటుదో చూసుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్‌ది 6 వోల్టుల వ్యవస్థ, దానికి 12 వోల్టుల కిట్ పనికిరాదు. పాత బ్రిటిష్ బళ్లు చాలావాటిలో బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి కలిపి ఉంటుంది. అలాంటిదానికి మామూలు కిట్ తగిలిస్తే మొదటిసారి తాళం తిప్పగానే దాని పని అయిపోతుంది.

నా ఓటు ఎలక్ట్రానిక్‌కే, కానీ ఒక షరతు మీద. పాత పాయింట్ల ప్లేటుని ఇంట్లోనే సందు సరిచేసి, కండెన్సర్‌తో (పాయింట్లు కాలిపోకుండా కాపాడే చిన్న డబ్బాతో) సహా గుడ్డలో చుట్టి బండిలో పడేయాలి. మాడ్యూల్ పోతే దారిలోనే దాన్ని బిగించుకుని వచ్చేయొచ్చు. పనిచేస్తున్న పాత కండెన్సర్‌ని మాత్రం చచ్చినా పారేయకండి. కొత్తగా కొన్నది దానంత కాలం మన్నుతుందని నాకు నమ్మకం లేదు.

కార్బురేటరా, ఇంజెక్షనా?

నాకు పని నేర్పిన పెద్దాయన ఒకమాట పదేపదే అనేవాడు, "ముందు కరెంటు చూడు బాబూ, పెట్రోలు సంగతి తర్వాత చూద్దువుగానీ." కార్బురేటర్ మీద వేసిన నిందల్లో సగం ఇగ్నిషన్‌వే. ముందు ప్లగ్గులు, పాయింట్లు, టైమింగ్ చూశాకే కార్బురేటర్ మీద చెయ్యి వేయాలి.

నేను అలా చూడలేదు. బండి ఐడ్లింగ్‌లో ఎగిరెగిరి పడుతోందని పాత కార్బురేటర్ పక్కనపెట్టి, అలాంటి ఆకారంలోనే ఉన్న కొత్తది తెచ్చి బిగించాను. నెలరోజులు బాగానే ఉంది. తర్వాత, గిన్నెలో పెట్రోలు మట్టం చూసుకునే ఫ్లోటు దగ్గర పెట్రోలు కారడం మొదలైంది, ఎన్నిసార్లు సూదిని సరిచేసినా ఆగలేదు. విసుగొచ్చి పాతదాన్ని మళ్లీ బల్ల మీద పెట్టుకుని, గాలి దారి తెరిచి మూసే త్రాటిల్ ఇరుసుని వేలితో పట్టుకుని అటూఇటూ కదిపాను. గడగడలాడింది. అసలు జబ్బు అదన్నమాట. ఆ అరిగిన సందులోంచి గాలి పీల్చుకుంటుంటే ఏ జెట్టు (పెట్రోలు కొలిచి వదిలే చిన్న రంధ్రం) మార్చినా, ఏ ప్యాకింగ్ కిట్ వేసినా లాభం ఉండదు. ఆ రంధ్రాలకి ఇత్తడి బుష్షులు వేయించాను, మిగతా శుభ్రం నేనే చేసుకున్నాను. ఇప్పటికీ అదే నడుస్తోంది.

పెట్రోలుని పంపు ప్రెషర్‌తో ఇంజిన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ గెలిచే చోటు ఒకటుంది, ఏటవాలు. కార్బురేటర్‌లో ఫ్లోటు గిన్నె అంటే చిన్న చెరువు లాంటిది. బండి బాగా ఒరిగితే ఆ చెరువు ఒక పక్కకి పోతుంది. అప్పుడు జెట్టుకి పెట్రోలు అందకపోవడమో, లేదా ఎక్కువైపోయి ఇంజిన్ మునిగిపోవడమో జరుగుతుంది. నిటారు గుట్ట సగంలో ఇంజిన్ ఆగిపోతే ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు. ఇంజెక్షన్‌కి ఈ బాధ లేదు, కొండల మీద గాలి పలచబడినా అదే లెక్క సర్దుకుంటుంది. జీపు రాంగ్లర్‌లో కార్బురేటర్‌తో నడిచిన 4.2 లీటర్ల ఇంజిన్ స్థానంలో 1991 మోడల్‌కి ఇంజెక్షన్ ఉన్న 4.0 లీటర్ల ఇంజిన్ వచ్చింది. రెండూ ఒకే కుటుంబం ఇంజిన్లు కాబట్టి పాత 4.2 మీద ఆ కొత్త హెడ్డు, ఇంజెక్షన్ కూర్చోబెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

కానీ పని చిన్నదేం కాదు. మల్టీపాయింట్ ఇంజెక్షన్‌కి దాదాపు 3 బార్ల ప్రెషర్ కావాలి, పాత మెకానికల్ పంపు ఇచ్చేది అందులో పదోవంతు. కొత్త పంపు, ఆ ప్రెషర్ తట్టుకునే గొట్టాలు, ట్యాంకుకి తిరుగు గొట్టం, సైలెన్సర్ పైపుకి సెన్సర్ కోసం వెల్డింగ్, నిలకడగా కరెంటిచ్చే ఆల్టర్నేటర్, అన్నీ వరసగా వచ్చిపడతాయి. ట్యాంకులో తుప్పుంటే ముందు ట్యాంకు సంగతి చూడాలి. నిజంగా రాళ్లు గుట్టలు ఎక్కించేవాళ్లకి అంత శ్రమకీ ఫలితం దక్కుతుంది. మట్టి రోడ్డు, వాగు, అప్పుడప్పుడూ అడవి దారి, ఇంతవరకే అయితే కార్బురేటరే మేలు. పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు మాత్రం మార్చేయండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రకం రబ్బరుని తినేస్తుంది.

డ్రమ్ములా, డిస్కులా?

ఇక్కడ నా లెక్క పక్కన పెడతాను. డ్రమ్ము బ్రేకుని ఇంట్లో విప్పి బిగించడం సులువు, సామాను తక్కువ. చక్రం తిప్పుతూ షూ డ్రమ్ముకి తగిలేదాకా బిగించి, ఒరుసుకోకుండా తిరిగేదాకా కొంచెం వదలాలి. ఇది ఎవరైనా నేర్చుకోవచ్చు. కానీ వాగు దాటాక నీళ్లు నిండిన డ్రమ్ములతో దిగుడులో బ్రేకు నొక్కి చూడండి. మొదటి రెండుమూడు సార్లు కాలు నొక్కుతుంది, బండి వినదు. బురద లోపలికి వెళ్తే షూలు ఆకురాయి పెట్టినట్టు అరుగుతాయి.

అయినా డిస్కుల కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. పాత బళ్లు చాలావాటిలో, పెడల్ నొక్కితే బ్రేకు నూనెని తోసే మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకీ ఒకటే దారి. ఎక్కడో ఒక గొట్టం పగిలితే నాలుగు బ్రేకులూ పోతాయి. ముందు చక్రాలకి వేరు, వెనక చక్రాలకి వేరు దారి ఉన్న డ్యూయల్ మాస్టర్ సిలిండర్ బిగించడం నా దృష్టిలో మొట్టమొదటి మార్పు. ఇందులో పాతదే ముద్దు అనే వాదన నేను వినను.

తర్వాత ముందు చక్రాలకి డిస్కులు. టొయోటా 1970ల మధ్య నుంచి ఎఫ్‌జే40లకి ముందు డిస్కులు కంపెనీలోనే పెట్టడం మొదలుపెట్టింది, వాటిని అంతకు ముందు బళ్లకి తగిలించుకునేవాళ్లూ ఉన్నారు. ఇక్కడ చాలామంది ఒకచోట తప్పు చేస్తారు. డ్రమ్ముల మాస్టర్ సిలిండర్‌లో గొట్టాల్లో కొంచెం ప్రెషర్ ఎప్పుడూ నిలిపే వాల్వు ఉంటుంది. దాన్ని అలాగే ఉంచి డిస్కులు బిగిస్తే ప్యాడ్లు డిస్కుని వదలవు, చక్రం కాలిపోతూ ఉంటుంది. పైగా డ్రమ్ములో షూ తిరిగే దిశలో తనంతట తానే లోపలికి గుంజుకుంటుంది, డిస్కుకి ఆ సాయం లేదు. కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేకుండా డిస్కులు పెడితే పెడల్ రాయిలా ఉంటుంది. డ్యూయల్ సిలిండర్, బూస్టర్, డిస్కులు, మూడూ కలిపి ఆలోచించుకోండి. అంత కుదరకపోతే మంచి షూలు, కొత్త వీల్ సిలిండర్లు వేసి డ్రమ్ములతోనే ఉండండి.

బ్రేకు నూనె సంగతి తొందరగా చెప్పేస్తాను. డాట్ 4 అనే రకం మేలు. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. సిలికాన్‌తో చేసే డాట్ 5 తేమ పీల్చదు, పెయింటు పాడుచేయదు, కానీ పాత నూనెతో అస్సలు కలపకూడదు.

రెండు జాగ్రత్తలు. పాత షూల లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములో దుమ్ముని గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. రెండోది, ల్యాండ్ రోవర్ సిరీస్ బళ్లు, పాత విల్లీస్ లాంటివాటిలో హ్యాండ్ బ్రేకు చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే పెట్టె) వెనక షాఫ్టు మీద ఉంటుంది. ఒక్క వెనక చక్రాన్ని జాకీతో లేపారంటే రెండు చక్రాల్నీ వేర్వేరుగా తిరగనిచ్చే డిఫరెన్షియల్ పుణ్యమా అని రెండో చక్రం నేలమీదే తిరగగలదు. హ్యాండ్ బ్రేకు లాగి ఉంచినా బండి జాకీ మీంచి జారిపోతుంది. మిగతా చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టనిదే జాకీ తిప్పకూడదు. స్టాండు పెట్టనిదే కిందకి దూరకూడదు.

తుప్పుకి అతుకా, కొత్త ఛాసిస్సా?

ల్యాండ్ రోవర్ మొదటి సిరీస్ 1948లో వచ్చినప్పటి నుంచి దాని బాడీ రేకులు ఎక్కువగా అల్యూమినియం మిశ్రమమే. పైన తుప్పు కనబడదు కాబట్టి కొన్నవాళ్లు మోసపోతారు. కింద ఛాసిస్ మాత్రం ఇనుమే. చిన్న సుత్తి తీసుకుని ఛాసిస్ పొడవునా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది. కుళ్లినచోట మద్దెల మీద తడిబట్ట కప్పి కొట్టినట్టు మొద్దు శబ్దం వస్తుంది.

పక్కకి పొడుచుకొచ్చే చేతులు, వెనక అడ్డ దూలం లాంటివైతే తుప్పు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయొచ్చు. కమాన్ కట్టలు పట్టుకునే చోటు, స్టీరింగ్ బాక్సు బిగించే చోటు కుళ్లితే అతుకులకి నేను ఒప్పుకోను. పాత అతుకు మీద ఇంకో అతుకు కనిపించినా అంతే. అప్పుడు గాల్వనైజ్ చేసిన కొత్త ఛాసిస్సే మేలు. పని నెలల తరబడి సాగుతుంది, ఇల్లంతా నట్లు బోల్టులే అవుతాయి, ఇంట్లోవాళ్లు మాట్లాడటం మానేస్తారు, అది వేరే కథ. వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ తీగలు విప్పేయాలి, పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, లోపలంతా ఆవిరే కదా. అన్నిటికంటే చెడ్డపని తుప్పు మీదే నల్లటి మందపాటి పూత పూసేయడం. లోపల తేమ చిక్కుకుని పని చేసుకుపోతూనే ఉంటుంది.

గేరు నూనెలో కూడా కొత్తది అంటే మంచిదని లేదు. ఇత్తడి సింక్రో రింగులున్న (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి) పాత గేర్‌బాక్సుకి జీఎల్ 4 రకం నూనె పోయాలి. జీఎల్ 5లో ఎక్కువగా కలిపే గంధకపు మందులు కొన్ని ఇత్తడిని తినేస్తాయి. హైపాయిడ్ గేర్లున్న డిఫరెన్షియల్‌కి జీఎల్ 5 కావాల్సిందే. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, నేను అలాగే చేస్తాను.

డిఫరెన్షియల్ లోపలి పని మాత్రం ఇంట్లో చేయను. క్రౌన్, పినియన్ అనే రెండు గేర్ల మధ్య సందు డయల్ గేజ్‌తో కొలిచి, పల్చటి రేకులు వేస్తూ తీస్తూ కుదర్చాలి, కొంచెం తేడా వచ్చినా బండి ఊళపెడుతుంది. నూనె ఖాళీచేసి, షాఫ్టు విప్పి, హాఫ్ షాఫ్టులు లాగి, ఆ బరువైన గుండ్రటి ముద్దని నేనే దించి పెద్దాయన దగ్గరికి మోసుకెళ్తాను. పోయినసారి ఆయన దాన్ని రెండు చేతులతో తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇంకో పదేళ్లు నడుస్తుంది, అనవసరంగా విప్పావు" అని తిరిగి నా చేతిలో పెట్టాడు.