బోరు నీళ్లతో మొక్కల ట్యాంకు: అడుగు మట్టి, లైటు మీద నా సమీక్ష

మొక్కల అక్వేరియం పెడతామని షాపుకు వెళ్తే ట్యాంకు సైజు అడిగి, దానికి సరిపడా సాయిల్ (అడుగున పరిచే మట్టి) బ్యాగు, అంత పొడవున్న లైటు తీసి ఇస్తారు. మీ ఇంట్లో వచ్చేవి ఎలాంటి నీళ్లని అడిగేవాళ్లు తక్కువ. నా అనుభవంలో అడుగున ఏం పరచాలో తేల్చేది ఆ నీళ్లే. లైటు ఎంత ఉండాలో తేల్చేది మీరు మొక్కలకు సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాస్ ఇస్తారా లేదా అన్నది.

మా ఇంట్లో రెండు ట్యాంకులు ఏళ్ల తరబడి పక్కపక్కనే నడుస్తున్నాయి. రెండూ 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు, అంటే దాదాపు 70 లీటర్లు. ఒకదానిలో ఆక్వా సాయిల్, ఆర్వో నీళ్లు, గ్యాస్ సిలిండర్. రెండోదానిలో కింద పల్చగా ఎర్రమట్టి, పైన ఇసుక, నేరుగా బోరు నీళ్లు. దీనికి గ్యాస్ లేదు. మాది హైదరాబాద్ శివారు. బోరు నీటి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 700కు అటూ ఇటూ ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8 దగ్గర.

ముందు ఆక్వా సాయిల్ సంగతి. జపాన్‌లో తకాషి అమానో స్థాపించిన ఏడీఏ సంస్థ దీనికి ప్రపంచమంతా పేరు తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలవి దొరుకుతున్నాయి. పోషకాలున్న మట్టిని చిన్న గుళికలుగా చేసి గట్టిపరుస్తారు. వేళ్లు సులువుగా దిగుతాయి, ఎరువు అందులోనే ఉంటుంది. పైగా నీటిలోని కార్బొనేట్ కఠినత్వాన్ని పీల్చుకుని పీహెచ్‌ను కిందికి దించుతుంది. ముందు భాగంలో మాంటే కార్లో లాంటి మొక్కను పచ్చికలా పరచాలంటే దీనికి సాటి వచ్చేది నేను చూడలేదు.

కానీ ఆ పీల్చుకునే గుణానికి ఒక హద్దుంది. గట్టి నీళ్లు (ఇలాంటి కఠినత్వం ఎక్కువున్నవి) పోసిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చయిపోతుంది. మా స్నేహితుడొకరు ఆర్వో ఎందుకులే అని బోరు నీళ్లే పోశారు. కొన్ని నెలల్లోనే పీహెచ్ మళ్లీ పాత చోటికి వచ్చేసింది. వేలు పోసి కొన్నది చివరికి మామూలు మట్టి గుళికలుగా మిగిలింది. ఇంకో ముఖ్యమైన విషయం అమోనియా. కొత్త సాయిల్ మొదటి వారాల్లో అమోనియా వదులుతుంది. పీహెచ్ ఎంత ఎక్కువుంటే ఆ అమోనియా చేపలకు అంత విషం. అందుకే టెస్ట్ కిట్‌లో అమోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా చేప వేయకూడదు. దీనికి నెల పట్టినా ఆగాల్సిందే. ఇక్కడ తొందరపడితే ప్రాణాలు పోయేది చేపలకు.

ఏళ్లు గడిచేకొద్దీ గుళికలు మెత్తబడతాయి. ఇప్పుడు నా ట్యాంకులో ఒక క్రిప్టోకోరైన్ మొక్కను పీకితే బురద మబ్బులా లేస్తుంది. లోపలి ఎరువు కూడా ఎప్పుడో అయిపోయింది, వేళ్ల దగ్గర రూట్ ట్యాబ్లెట్లు (ఎరువు బిళ్లలు) గుచ్చుతున్నాను. తరచూ మొక్కలు పీకి చోటు మార్చే అలవాటున్నవాళ్లకు ఇది చిరాకు తెప్పిస్తుంది. నాటి వదిలేసేవాళ్లకు ఇబ్బంది లేదు.

రెండో ట్యాంకు అడుగు భాగం ఖర్చు దీని ముందు లెక్కలోకే రాదు. ఒకటి, రెండు మిల్లీమీటర్ల గింజ ఉన్న సిలికా ఇసుక వాడాను. మరీ సన్నటిదైతే గట్టిగా పట్టేసి గాలాడదు, మరీ లావుదైతే మొక్క నిలబడదు. ఏ ఇసుకైనా, రాయైనా ముందు కాస్త వెనిగర్ పోసి చూడండి. బుడగలొస్తే అందులో సున్నం ఉన్నట్టే, నీళ్లను ఇంకా గట్టి చేస్తుంది. అలంకరణకని అమ్మే తెల్ల పాలరాతి ముక్కలు ఈ పరీక్షలో బుడగలు వదులుతాయి. మొక్కల ట్యాంకుకు వాటిని అస్సలు తీసుకోవద్దు.

ఇసుక కింద మట్టి వేద్దామనుకుంటే మన దగ్గర రెండు రకాలు సులువుగా దొరుకుతాయి. నల్లరేగడిలో చాలాచోట్ల సున్నపు గడ్డలుంటాయి, నీటిలో ఉబ్బుతుంది, కదిలిస్తే నీళ్లు ఒక పట్టాన తేటపడవు. దాని జోలికి వెళ్లొద్దు. ఎర్రమట్టి మేలు. అందులో పోషకాలు తక్కువే గానీ ఇనుము బాగా ఉంటుంది. జహీరాబాద్, వికారాబాద్ వైపు కనిపించే ఎర్రటి లేటరైట్ లాంటి మట్టినే ఒకప్పుడు యూరప్‌లో అక్వేరియం కంపెనీలు ప్యాకెట్లలో పెట్టి అమ్మాయి. పురుగుమందులు కొట్టని చోట తెచ్చి, నానబెట్టి, తేలేదంతా పారబోసి, ఎండబెట్టి జల్లించాలి. అర అంగుళం మట్టి, దాని మీద అంగుళంన్నర ఇసుక చాలు. నర్సరీలో కలిపి ఇచ్చే కుండీ మిశ్రమం మాత్రం వద్దు. అందులోని కొబ్బరి పొట్టు పైకి తేలుతుంది, వర్మీకంపోస్ట్ అమోనియా వదులుతుంది.

ఇసుక ట్యాంకులో వాలిస్నేరియా, క్రిప్టోకోరైన్, బకోపా మొక్కలు చక్కగా ఉన్నాయి. మన ఆయుర్వేదంలో వినే బ్రాహ్మి కూడా ఈ బకోపా జాతిదే. వాలిస్నేరియాకైతే గట్టి నీళ్లంటేనే ఇష్టం. వచ్చిన సమస్యల్లా ఇనుము అందక కొత్త ఆకులు పాలిపోవడం. పీహెచ్ ఎక్కువున్న నీటిలో ఈడీటీఏ అనే రసాయనంతో కలిపిన ఇనుము ఎరువు నిలవదు, డీటీపీఏ అనే దానితో కలిపినది కొంత మెరుగ్గా నిలుస్తుంది. రైతులకు ఎరువులమ్మే షాపులో అడిగితే దొరుకుతుంది. డ్రిప్‌లో వాడే 13:0:45, 0:52:34 ఎరువులు (అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) కూడా అక్కడే తీసుకోవచ్చు. అక్వేరియం సీసాల్లో అమ్మే నైట్రేట్, ఫాస్ఫేట్, పొటాష్ చాలావరకు ఇవే లవణాలు. చిటికెడులో కొద్ది భాగం సరిపోతుంది, అంతకు మించి వేయకండి.

ఇక లైటు. డబ్బు పెట్టదలిస్తే ఇక్కడ పెట్టండి, అది కూడా వెలుతురు పెంచుకోవడానికి కాదు, తగ్గించుకునే సౌకర్యానికి. వాట్లు చూసి కొనడం వల్ల ఏమీ తెలియదు. మొక్క వాడుకోగల కాంతిని పార్ అనే కొలతలో చెబుతారు. గ్యాస్ లేని ట్యాంకుకు అడుగు దగ్గర పార్ 20 నుంచి 30 మైక్రోమోల్స్ ఉంటే హాయిగా సరిపోతుంది. 50 దాటిందంటే గ్యాస్ ఉండాల్సిందే. వెలుతురు ఎక్కువైతే మొక్క ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలికి తగ్గ సీఓటూ, ఎరువు అందకపోతే మొక్క ఆగిపోతుంది, ఆ చోటును నాచు ఆక్రమిస్తుంది. నాచు వచ్చిందని మందులు వెతికే ముందు లైటు తగ్గించి రెండు వారాలు చూడమని అందరికీ చెబుతుంటాను.

గ్యాస్ ఉన్న ట్యాంకు మీద తెలుపుతో పాటు ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడిగా ఉన్న డబ్ల్యూఆర్‌జీబీ లైటు వాడుతున్నాను. రొటాలా మొక్క ఎరుపు దీని కింద కంటికి పండగే. అయితే ఆ ఎరుపులో కొంత భాగం లైటు రంగు చూపించేది. ఇసుక ట్యాంకు మీద 6500 కెల్విన్ (పగటి వెలుతురు రంగు) తెల్ల ఎల్‌ఈడీ బార్ ఉంది, ధర అందులో నాలుగో వంతు. మొక్కల ఎదుగుదలలో రంగు వల్ల వచ్చిన తేడా నాకు కనబడలేదు. కాబట్టి కంటికి అందం కావాలంటే మొదటిది తీసుకోండి, మొక్క బతికితే చాలనుకుంటే రెండోది చాలు.

వెలుతురు తగ్గించే డిమ్మర్ లేని లైటు మాత్రం ఎంత చవకైనా వద్దంటాను. కొత్త ట్యాంకులో సగం వెలుతురుతో రోజుకు 6 గంటలు మొదలుపెట్టి, మొక్కలు నిలదొక్కుకున్నాక మెల్లగా 8 గంటలకు పోవాలి. డిమ్మర్ లేకపోతే లైటును పైకి వేలాడదీయడం, నీటిపై తేలే మొక్కలు వేయడం తప్ప దారి లేదు. టైమర్ విషయంలో మన దగ్గర కరెంటు కోతను గుర్తుపెట్టుకోవాలి. ముల్లు తిరిగే టైమర్ కరెంటు పోగానే ఆగిపోతుంది, వచ్చాక ఆగిన చోటి నుంచే లెక్కపెడుతుంది. కొన్ని కోతలయ్యేసరికి లైటు అర్ధరాత్రి వెలుగుతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

లైటు ఎక్కువకాలం మన్నాలంటే ఆవిరి తగలకూడదు. మూత లేని ట్యాంకు మీద ఆనించి పెట్టిన నా మొదటి బార్ స్క్రూలు తుప్పు పట్టి, ఒక వరుస ఎల్‌ఈడీలు ఆరిపోయాయి. ఇప్పుడు లైటును స్టాండుతో నాలుగు వేళ్ల ఎత్తులో పెట్టాను. బోరు నీళ్లైతే అద్దం మూత మీద తెల్లటి పొర కడుతుంది, వెలుతురు లోపలికి పోకుండా అది అడ్డుపడుతుంది. వారానికోసారి మూత బయటికి తీసి వెనిగర్‌తో తుడిచి, మంచినీళ్లతో కడిగి పెట్టండి. వేసవిలో మాత్రం నేను మూత తీసేసి చిన్న ఫ్యాన్ పెడతాను. నీళ్లు 32 డిగ్రీలకు పోతే క్రిప్టోకోరైన్ ఆకులు కరిగిపోవడం మొదలవుతుంది, ఫ్యాన్ గాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఆవిరైన నీటి స్థానంలో ఆర్వో నీళ్లే పోయాలి. బోరు నీళ్లు పోస్తే ట్యాంకులో ఉప్పు రోజురోజుకూ పేరుకుంటుంది.